నీటి లెక్క ఎవరి చేతిలో ఉంది?

చెరువు ఎండుతుంటే ఊరంతా చూస్తుంది. బోరుబావిలో నీటిమట్టం పది అడుగులు దిగినా పైకి ఏ గుర్తూ కనిపించదు. మోటారు గాలి తోడిన రోజునే సంగతి తెలుస్తుంది. అప్పటికి పైరు పొట్ట మీద ఉంటుంది. అందుకే నీటి సంరక్షణ ఎక్కడైనా కొలతతోనే మొదలుకావాలి. ఆ కొలత తీసేది ఎవరు, తీసిన అంకె చివరికి ఎవరి దగ్గర ఉంటుంది అన్నది నా దృష్టిలో అంతకన్నా పెద్ద ప్రశ్న.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 దశకంలో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఒక ప్రయత్నం జరిగింది. ఏడు కరవు జిల్లాల్లో, ఆరు వందలకు పైగా గ్రామాల్లో రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం చూశారు, బోరు ఎంత నీరు పోస్తోందో లెక్కగట్టారు. ఆ అంకెలను ఊళ్లో అందరికీ కనిపించేలా బోర్డుల మీద రాశారు. రబీకి ముందు అందరూ కూర్చుని, భూమిలో మిగిలిన నీరెంత, వేయాలనుకున్న పంటలు తాగే నీరెంత అని చూసుకున్నారు. ఫలానా పంట వేయవద్దని ఎవరూ నిర్బంధించలేదు. అయినా చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు. తాను స్వయంగా తాడు దించి చూసిన లోతును రైతు కాదనలేడు. పైగా ఆ అంకె పక్క చేను రైతుకూ తెలుసు. ఏ సర్క్యులరూ తేలేని మార్పు అలా వచ్చింది.

నాణ్యత విషయంలో అమెరికాలోని ఫ్లింట్ నగరం మరో పాఠం. 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించుకోవడానికి అక్కడ తాగునీటిని స్థానిక నది నుంచి తీసుకోవడం మొదలుపెట్టారు. పైపులు తుప్పుపట్టకుండా కాపాడే శుద్ధి చేయలేదు. పాత పైపుల్లోని సీసం అనే విషలోహం నీటిలోకి దిగింది. రంగు మారిన నీళ్లు చూపించి జనం మొరపెట్టుకుంటే, భయం లేదన్న జవాబే వచ్చింది. 2015లో వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయ పరిశోధకులతో కలిసి, ఇళ్లవాళ్లే తమ కుళాయి నీటిని పట్టి పరీక్షకు పంపారు. పిల్లల రక్తపరీక్షల ఫలితాలూ తోడయ్యాక, అక్టోబరులో నగరం పాత సరఫరాకు తిరిగి వెళ్లక తప్పలేదు. ప్రజల అనుమానాన్ని తోసిపుచ్చినంత సులువుగా ప్రజలు తీసిన కొలతను తోసిపుచ్చలేకపోయారు.

మన దేశంలో పల్లెల్లో ఇంటింటికీ కుళాయి నీరిచ్చే జల్ జీవన్ మిషన్ పథకం కింద ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష నేర్పించాలన్నది మంచి నిర్ణయం. అయితే పరీక్ష సీసాలో నీరు నల్లబడి, అందులో సూక్ష్మజీవులున్నట్టు తేలితే ఆ పంపును ఆపించే అధికారం ఆ ఐదుగురికి ఉండాలి. ఫలితం పైకి వెళ్లి, కిందికి మాట రాకపోతే వాళ్లు ఎన్నాళ్లు ఓపిక పడతారు? ఉమ్మడి వనరులను ప్రజలు ఎలా కాపాడుకుంటారో అధ్యయనం చేసి 2009లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్న ఎలినార్ ఓస్ట్రమ్ కూడా గట్టిగా చెప్పింది ఇదే. కాపలా కాసేవారు వాడకందారులై ఉండాలి, లేదా వాడకందారులకు జవాబుదారులై ఉండాలి. నియమాలు చేయడంలోనూ వారికి చోటుండాలి.

స్పెయిన్‌లోని వాలెన్సియాలో కాలువల రైతులు ఎన్నుకున్న న్యాయమూర్తులు నేటికీ గురువారం మధ్యాహ్నం పెద్ద చర్చి ద్వారం దగ్గర కూర్చుంటారు. వాళ్లూ రైతులే. నీటి తగాదాను నోటిమాటగానే విని, అక్కడే తీర్పు చెబుతారు.