గుర్రపుడెక్క వేసిన నీళ్లు తాగేస్తారా?

మళ్లీ అదే ఫార్వర్డ్. "బడిపిల్లల ప్రయోగం! బకెట్లో గుర్రపుడెక్క వేసి వారం ఉంచితే నీళ్లలో లోహాలు 90 శాతం మాయం. టీడీఎస్ మీటరే సాక్ష్యం. నీళ్లు తాగొచ్చు, మొక్కలు పశువులకు వేయొచ్చు. మరి చెరువుల్లోంచి ఎందుకు పీకేస్తున్నారు?"

టీడీఎస్ మీటరు ఉప్పులన్నిటినీ గంపగుత్తగా చూపిస్తుంది. సీసం ఎంతో, రాగి ఎంతో దానికి తెలీదు. ఆ సాక్ష్యం అక్కడితో సరి.

90 శాతమే అనుకుందాం. లీటరుకు 10 మిల్లీగ్రాముల సీసం 1కి దిగింది. మన దేశ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఉండదగ్గది 0.01 మిల్లీగ్రాములే. అంటే ఇంకా నూరు రెట్లు. చప్పట్లు కొట్టండి, గ్లాసు మాత్రం ఎత్తకండి.

ఆ తగ్గుదలైనా మొక్క పనేనా? మొక్క లేని బకెట్ పక్కన పెట్టారా? కుళాయి నీళ్లలో పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 దాటితే రాగి చాలావరకు మడ్డిగా అడుగుకు దిగుతుంది. పోషకమని చిటికెడు డీఏపీ ఎరువు వేస్తే ఫాస్ఫేట్ కూడా అదే పని చేస్తుంది. పైనీళ్లు తీసి కొలిచి "మొక్క పీల్చేసింది" అంటే ఎలా?

చేయాలనుంటే ఇలా చేయించండి. పిల్లల చేతికి సీసం, క్రోమియం వద్దు, మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) చాలు. 3.93 గ్రాములు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి లీటరు చేస్తే అందులో 1000 మిల్లీగ్రాముల రాగి ఉంటుంది. ఆ ద్రావణం 50 మిల్లీలీటర్లు తీసుకుని 5 లీటర్లకు పెంచితే లీటరుకు 10 మిల్లీగ్రాముల రాగి. పీహెచ్ 6 దగ్గర ఉంచాలి. ప్లాస్టిక్ తొట్లు మూడు రకాలు: మొక్కా లోహమూ, లోహం ఒక్కటే, మొక్క ఒక్కటే. ఒక్కో రకం మూడేసి. నీటిమట్టం దగ్గర గీత గీసి, ఆకులు ఆవిరి చేసినంతా రోజూ డిస్టిల్డ్ వాటర్‌తో నింపాలి, లేకపోతే మిగిలిన లోహం చిక్కబడి లెక్క తప్పుతుంది. నమూనాను వడగట్టి, నైట్రిక్ ఆమ్లంతో పీహెచ్ 2 కిందికి దించకపోతే లోహం సీసా గోడకే అంటుకుంటుంది. చివర్లో వేర్లు, ఆకులు విడివిడిగా ఎండబెట్టి, ఆమ్లంలో కరిగించి ఏఏఎస్‌లో (ఒక్కో లోహాన్ని విడిగా కొలిచే ల్యాబ్ యంత్రం) కొలవాలి. తొట్టిలో పోసిన 50 మిల్లీగ్రాములకూ లెక్క తేలాలి.

మొక్క లోహాన్ని లాగుతుందన్న మాట మాత్రం నిజమే. కుచ్చులా వేలాడే ఆ నల్లటి వేర్లదే ఎక్కువ పని. ఎండబెట్టి పొడి చేసినా ఆ వేర్లు లోహాన్ని పట్టుకుంటాయి.

అందుకే "పశువులకు వేయొచ్చు" చూసి ఒళ్లు మండింది. నీళ్లలో పోయిన లోహం ఎక్కడుందనుకున్నారు, స్వర్గంలోనా? వేర్లలోనే ఉంది! సీసం పట్టిన మొక్క గేదె తింటే విషం గేదెకు, ఆపైన పాలకు. రాగి కాస్త ఎక్కువైతే గొర్రె తట్టుకోలేదు. ఎరువు చేస్తే లోహం పొలంలోకి, కాలిస్తే బూడిదలోకి. ప్రయోగం మొక్కలైనా, మిగిలిన నీళ్లయినా పెరట్లో పారబోయకండి.

చెరువుల సంగతి. మొక్క అక్కడే కుళ్లితే పట్టిన లోహమంతా మళ్లీ నీళ్లలోకి, బురదలోకి చేరుతుంది. హుస్సేన్‌సాగర్‌లోనైనా మూసీలోనైనా పీకి బయట పడేస్తేనే లోహం బయటికొచ్చేది. మీరు తిడుతున్నది ఆ ఒక్క పనికొచ్చే పనినే. కాకపోతే పీకింది కట్ట మీదే కుప్ప పోసి వదిలేస్తే తొలి వానకే మళ్లీ చెరువులోకి. దాని మీద మెసేజ్ రాయండి, నేనూ ఫార్వర్డ్ చేస్తా.