ఒక్క ఎల్ఐ వెలిగించమంటే

పొద్దున్నే క్లయింట్ సార్ దగ్గర్నుంచి మెసేజ్. వెబ్‌సైట్ మెనూలో మౌస్ ఏ ఐటమ్ మీద పెడితే ఆ ఒక్కటే కలర్ మారాలంట, అంతే, చిన్న పని. నేను కూడా బుద్ధి లేకుండా "ఐదు నిమిషాలు సార్" అని రిప్లై కొట్టేశా. సీఎస్ఎస్ (వెబ్ పేజీకి రంగూ రూపం దిద్దే భాష) పనికి టైమ్ చెప్పకూడదని ఎన్నిసార్లు చెంపలేసుకున్నానో లెక్కలేదు, అయినా చెప్పా. హోవర్, అంటే మౌస్ పైన ఉన్నప్పుడు మాత్రం రూపం మార్చేది, 1998లో సీఎస్ఎస్ 2తో వచ్చింది, అంత ముసలి ఫీచర్ నన్నేం చేస్తుందిలే అని ధీమా.

రాశా, సేవ్ చేశా, మౌస్ పెట్టా. ఏడు ఐటమ్సూ ఒకేసారి పసుప్పచ్చగా వెలిగాయి. ఒకణ్ణి పిలిస్తే బస్సులో వాళ్ళందరూ వెనక్కి తిరిగినట్టు. బ్రౌజర్ దాచుకున్న పాత కాపీ, అదే క్యాష్, అనుకున్నా (ఏది పనిచెయ్యకపోయినా మనకి మొదటి ముద్దాయి క్యాషే కదా), మూడుసార్లు హార్డ్ రిఫ్రెష్ కొట్టా, బ్రౌజర్ మార్చా, ఈ రూలే నెగ్గాలని చెప్పే ఇంపార్టెంట్ కూడా తగిలించా, దాంతో అవన్నీ ఇంకా ఇంపార్టెంట్‌గా వెలిగాయి. పక్క సీటు తమ్ముడు టీ కప్పుతో అటు పోతూ స్క్రీన్ వైపు ఒక్క చూపు చూసి "అన్నా, హోవర్ యూఎల్‌కి పెట్టావేంటి" అని ఆగకుండా వెళ్ళిపోయాడు. నిజమే, యూఎల్ అంటే మొత్తం లిస్టు, ఎల్ఐ అంటే అందులో ఒక్కో ఐటమ్. నేనేమో యూఎల్ కోలన్ హోవర్, ఆ తర్వాత ఎల్ఐ అని రాశా, అంటే లిస్టులో ఎక్కడ మౌస్ ఆనినా లోపలున్న ఎల్ఐలన్నీ వెలగాలని నేనే ఆర్డర్ వేశా, అవి పాపం వెలిగాయి. కోలన్ హోవర్‌ని పీకి ఎల్ఐ పక్కన అతికించా.

ఒక్కొక్కటే వెలుగుతోంది, హమ్మయ్య. మూడో ఐటమ్ కింద సబ్‌మెనూ ఉంది, అందులో ఒక ఐటమ్ మీదకి వెళ్ళా. అది వెలిగింది, దాంతో పాటు పైనున్న మూడో ఐటమ్ కూడా. కొడుకుని పలకరిస్తే తండ్రి కూడా లేచి నిలబడ్డాడు. సబ్‌మెనూ మొత్తం ఆ ఎల్ఐ కడుపులోనే ఉంది కాబట్టి పిల్ల మీద మౌస్ ఉంటే తండ్రి మీదా ఉన్నట్టే, బ్రౌజర్ లెక్క అది, తప్పు పట్టడానికి లేదు.

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 రోజుల్లో లింకుల మీద తప్ప హోవర్ పనిచేసేది కాదు, ఎల్ఐ వెలగాలంటే జావాస్క్రిప్ట్ తెచ్చుకోవాల్సిందే, అది చదివి ఒకప్పుడు పగలబడి నవ్వా. ఇప్పుడు నేనూ చచ్చినట్టు ఎల్ఐ వదిలేసి లోపలి లింకుకే హోవర్ పెట్టా. తండ్రి కూర్చున్నాడు. కానీ ఇప్పుడు అక్షరాల వెనక మాత్రమే, మార్కర్ పెన్నుతో గీసినంత మేర రంగొస్తోంది, ఎందుకంటే ప్యాడింగంతా (అక్షరాల చుట్టూ వదిలే ఖాళీ) ఎల్ఐకి ఇచ్చి కూర్చున్నా. దాన్ని లింకుకి మార్చి డిస్‌ప్లే బ్లాక్ (వరుస మొత్తం పరుచుకోమని చెప్పడం) చేస్తే పట్టీ మొత్తం వెలిగింది, పక్క ఖాళీలో నొక్కినా లింకు తగులుతోంది.

అక్కడితో ఆగుంటే లంచ్‌కి వెళ్ళేవాణ్ణి. హోవర్‌లో కింద 2 పిక్సెల్స్ బోర్డర్ ఉంటే ఎంత బావుంటుందో అనిపించింది. పెట్టా. మౌస్ ఏ ఐటమ్ మీదకి వెళ్ళినా దాని కిందవన్నీ 2 పిక్సెల్స్ దిగుతున్నాయి, తీస్తే ఎక్కుతున్నాయి, మెనూకి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. చివరికి మామూలప్పుడే కనపడని ట్రాన్స్‌పరెంట్ బోర్డర్ ఒకటి పెట్టి, హోవర్‌లో రంగు మాత్రం మార్చా, రాత్రికి దిగే చుట్టానికి పొద్దున్నే కుర్చీ వేసిపెట్టినట్టు.

దురద ఇంకా తీరలేదు. ట్రాన్స్‌ఫార్మ్ పెట్టి ఐటమ్‌ని 4 పిక్సెల్స్ పైకి లేపా. మధ్యలో మౌస్ పెడితే బానే ఉంది, కింద అంచున పెడితే ఐటమ్ పైకి లేస్తుంది, లేవగానే మౌస్ కింద ఏమీ ఉండదు, లేదు కాబట్టి దిగుతుంది, దిగగానే మళ్ళీ మౌస్ తగుల్తుంది, మళ్ళీ లేస్తుంది, చలిజ్వరం వచ్చినట్టు ఒకటే వణుకు. మందు తెలుసు, హోవర్ కదలని ఎల్ఐకి పెట్టి లోపలి లింకుని లేపాలి. అలా చేస్తే సబ్‌మెనూలో మళ్ళీ తండ్రి లేస్తాడు. ఆయన జోలికి పోయే ఓపిక లేక లేపుడు మొత్తం డిలీట్ చేశా.

సాయంత్రం ఆరింటికి క్లయింట్ సార్‌కి లింక్ పంపా. ఆయన ఫోన్లో ఓపెన్ చేశారు. ఫోన్లో మౌస్ ఏది? వేలితో నొక్కితే హోవర్ అంటుకుని, ఇంకోచోట నొక్కేదాకా అలాగే వెలుగుతూ కూర్చుంది, లింకులు ఇంకా డమ్మీవే కాబట్టి పేజీ కూడా మారలేదు. హోవర్ ఉన్న డివైజులకే పనిచేసేలా మీడియా క్వెరీలో (డివైజుని బట్టి పనిచేసే షరతు) చుట్టాలని నాకు తెలుసు, చుట్టడం మర్చిపోయా. సారీ సార్ అని టైప్ చేస్తుండగానే ఆయన మెసేజ్ వచ్చింది, "నొక్కింది నొక్కినట్టే వెలుగుతోంది, ఎక్కడున్నామో తెలుస్తోంది, సూపర్."

సారీ చెరిపేసి థాంక్యూ సార్ అని కొట్టా.

పావుగంటకి ఇంకోటి వచ్చింది. "ఇప్పుడే ల్యాప్‌టాప్‌లో చూశా, ఇందులో మాత్రం మౌస్ తీసేస్తే ఆరిపోతోంది, ఆ బగ్ కూడా ఒకసారి చూసెయ్యండి, ఐదు నిమిషాలే కదా."