రుషికొండ ఆఫీసు గోడమీది పోష్ బోర్డు గారికి

బయోమెట్రిక్ హాజరు యంత్రం పక్కన అద్దాల ఫ్రేములో కొలువుదీరి, పనిచోట ఆడవాళ్లపై లైంగిక వేధింపుల్ని అరికట్టే పోష్ చట్టం కింద ఫిర్యాదులు వినాల్సిన అంతర్గత కమిటీ పేర్లు, నంబర్లు మోస్తున్న బోర్డు గారూ, నమస్కారం.

నిన్న మధ్యాహ్నం తమరి ఒంటిమీదున్న నంబర్లన్నీ వరసగా నొక్కడమైంది. మొదటిది మనుగడలో లేదు. రెండోది గాజువాకలో ఒక టైర్ల కొట్టాయనది. పాపం, "మళ్లీ పోషేనా అమ్మా?" అన్నాడు. మూడో ఆవిడ కంపెనీ మారి హైదరాబాదు వెళ్లిపోయారు. నాలుగో వరసలో 'బయటి సభ్యురాలు' అని హోదా ఉంది, మనిషి లేదు.

తమరు నింపాదిగా వేలాడవచ్చు, తమరికి గడువు లేదు. ఫిర్యాదు చేసే ఆమెకుంది. ఘటన జరిగిన రోజు నుంచి మూడు నెలలు, పదేపదే జరుగుతుంటే చివరిదాని నుంచి మూడు నెలలు. ఆలస్యానికి కారణం కమిటీ ఒప్పుకుని రాతలో పెడితే ఇంకో మూడు. ఫిర్యాదు ఆరు ప్రతులు కావాలి, సాక్షుల పేర్లు, చిరునామాలు, మెసేజ్‌ల ప్రింట్లతో సహా. ఆఫీసు ప్రింటర్లో తీస్తే ఒక కాగితం ట్రేలో మిగిలిపోతుంది, సాయంత్రానికి ఫ్లోరంతా చదువుతుంది. అందుకని మద్దిలపాలెం దాకా పోయి జిరాక్సు తీయించుకోవాలి. ఇంతా చేసి తెస్తే ఎవరి చేతిలో పెట్టాలి? టైర్ల కొట్టాయన చేతిలోనా?

అందిన ఏడు పనిదినాల్లో ఒక ప్రతి అవతలివాడికి చేరాలి, పది పనిదినాల్లో వాడు జవాబివ్వాలి, 90 రోజుల్లో విచారణ ముగియాలి. అధ్యక్షురాలితో కలిపి కనీసం ముగ్గురు కూర్చుంటేనే అది విచారణ. తమరి అధ్యక్షురాలు రాజీనామా చేసి రెండు సంక్రాంతులు వెళ్లాయి. విచారణ తేలేదాకా వేరే చోటికి మార్చమనో, మూడు నెలల వరకు సెలవిమ్మనో ఆమె రాతపూర్వకంగా అడగొచ్చు. సిఫారసు చేయాల్సింది మళ్లీ ఆ కమిటీయే. కమిటీ లేదు కాబట్టి రోజూ వాడి వెనక సీట్లోనే కూర్చుంటోంది.

"మాట్లాడి సర్దేద్దాం" అనే హెచ్‌ఆర్ బాబుకి ఒక్క మాట: రాజీ ఆమె అడిగితేనే, అదీ డబ్బుతో కుదరదు. పనిచోట లైంగిక వేధింపులపై 1997లో వచ్చిన 'విశాఖ తీర్పు' మన ఊరి ఘనత అని మార్చి 8న కేకు కోస్తూ చెప్పిన పెద్దాయనకి ఇంకో మాట: ఆ 'విశాఖ' ఊరు కాదు, రాజస్థాన్‌లో సామాజిక కార్యకర్త భన్వరీ దేవిపై జరిగిన సామూహిక అత్యాచారం తర్వాత సుప్రీంకోర్టుకెళ్లిన సంస్థ పేరు. చట్టం రావడానికి 2013 దాకా పట్టింది. కమిటీ వేయకపోతే జరిమానా 50 వేల దాకా. బీచ్ రోడ్డు హోటల్లో ఆ రోజు పార్టీ ఖర్చు కూడా ఇంచుమించు అంతేలెండి.

జగదాంబ దగ్గర ఏడుగురు అమ్మాయిలు పనిచేసే బట్టల కొట్టులో తమరిలాంటి బోర్డు కూడా ఉండదు. పదిమందికి తక్కువైతే జిల్లా స్థానిక కమిటీయే దిక్కు. యజమాని మీదే ఫిర్యాదైతే మాకూ అదే దారి. ఆ ముక్క తమరి మీద రాసి ఉందా? లేదు.

అన్నింటికంటే ఒళ్లు మండేది తమరున్న చోటు. అందరికీ కనబడేలా పెట్టమంది చట్టం. పెట్టారు, సరిగ్గా సీసీ కెమెరా కింద, మేనేజరు క్యాబిన్ అద్దానికి ఎదురుగా! నీ ముందు ఆగి నంబరు రాసుకున్న పిల్ల ఎవరో టీ టైముకి ముందే తెలిసిపోతుంది. ఏటి బాబూ, నువ్వు ఎవరికి కాపలా?

ఒక ఏ4 కాగితం చాలు. ఇప్పుడున్నవాళ్ల పేర్లు, మోగే నంబర్లు తెలుగులో రాసి ఆడవాళ్ల వాష్‌రూమ్ తలుపు లోపలివైపు కూడా అంటించండి. ఫ్రేమక్కర్లేదు, టేపు మేమే తెస్తాం.

ఇట్లు,
తమరి ముందు ఆగకుండా నడిచిపోయేవాళ్లు