పెట్టింగ్ జూ వారి దివ్యసముఖమునకు

పిల్లల చేత జంతువులను ముట్టించి మేత పెట్టించు మహారాజశ్రీ పెట్టింగ్ జూ వారి సముఖమునకు, పర్లాకిమిడి నుండి ఒక మూడేళ్ల పిల్ల తండ్రి నమస్కరించి వ్రాయు విన్నపం. ఉభయ కుశలోపరి.

బరంపురంలో బంధువుల ఇంటికి వచ్చినవాళ్లం, పిల్ల ముచ్చట తీరుతుందని ఊరి శివార్లలోని తమ గడప తొక్కాము. మేకను చూపించడానికి తలకు ఇంతని వసూలు చేసే ధైర్యం మరెక్కడైనా కలగవచ్చు గాని, గంజాం జిల్లాలో కలగడం సామాన్యం కాదు. ఈ జిల్లా పేరుతోనే ఒక మేకజాతి ఉంది. ఆ మందలను గొల్లలు తరతరాలుగా మేపుకుంటూ ఊళ్లు తిరుగుతున్నారు. తమ గేటుకు కాస్త ఇవతల అలాంటి మంద ఒకటి రోడ్డు దాటుతుంటే మా ఆటో ఆగింది కూడా. ఆ దర్శనం ఉచితం కావడం చేత మాలో ఎవ్వరూ ఫొటో తీయలేదు. తీరా లోపలికి వచ్చాక, అలాంటి మేకకే మెడలో ఎర్ర రిబ్బను కట్టి ఉండేసరికి, మా ఆవిడ ఫోను తీసి, తీసినది దింపలేదు.

మా అమ్మ మాత్రం పెరట్లో మేకలను సాకి పాలు పితికిన మనిషి కావడం వల్ల రిబ్బనుకు లొంగలేదు. వంగి కాళ్లు చూసి, "డెక్కలు ఇంతలా పెరిగిపోయాయి, కోయించరా నాయనా? రాళ్ల మీద తిరగని మేకకు అవి వాటంతటవి అరుగుతాయా?" అని తమ కుర్రవాణ్ణి అడిగింది. మేత కావాలంటే కౌంటరుకు వెళ్లమని అతడు ఒడియాలో మర్యాదగానే చెప్పాడు.

ఆ మేత సంగతి కూడా మనవి చేయాలి. బయటి ఆకు లోపలికి రాకూడదు. కాగితపు కప్పులో తమరు అమ్మే గింజలే పెట్టాలి. మేకకు పైవరుసలో ముందుపళ్లు ఉండవు గనుక, అరచెయ్యి చాపితే పెదవులతోనే ఏరుకుని తింటుంది. పిల్ల కితకితలకు విరగబడి నవ్వింది. ఆ నవ్వు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. అయితే వచ్చిన ప్రతి కుటుంబమూ కప్పు మీద కప్పు కొంటుంటే, నెమరువేసే ఆ జీవానికి గింజలు ఒక్కసారిగా ఎక్కువై, కడుపులో పులిసి, ప్రాణం మీదికి రావచ్చునన్న సంగతి తమ ధరల పట్టికలో ఎక్కడా కనిపించలేదు. ముందుచూపు గల ఒక మేక గింజలు వదిలేసి కప్పునే నమిలింది.

కుందేళ్లు పరమ సాధువులని తమరు బోర్డు పెట్టించారు. మా పిల్ల ఒళ్లోకి వచ్చిన కుందేలు చెవులు వీపుకు అంటించుకుని, కళ్లు పెద్దవి చేసుకుని, ముక్కు సైతం ఆడించకుండా ముద్దలా కూర్చుంది. తప్పించుకునే దారి లేనప్పుడు భయంతో బిగుసుకుపోవడం ఆ జాతి లక్షణం. దానికి సాధుత్వమని పేరు పెట్టి, ఫొటోకు వేరే రుసుము పెట్టడం తమ ప్రతిభ.

పేడ, వెంట్రుకలు అంటిన చేతులతోనే పిల్లలు నేరుగా ఐస్‌క్రీం బండి దగ్గరికి చేరేలా దారి వేసిన మేస్త్రీ ఎవరో గాని, అతనికి సన్మానం చేయాలి. పశువుల పేడలో ఉండే ఈ-కొలై వంటి క్రిములు ఐదేళ్ల లోపు పిల్లలకు మరీ ప్రమాదం. సబ్బూ నీళ్లూ చేసే పనిని శానిటైజరు చేయలేదు. తమరు శానిటైజరు సీసానే పెట్టారు, అదీ ఖాళీది.

ఇదే జిల్లాలో భేట్నోయి, బలిపదర్ ప్రాంతాల పొలాల్లో కృష్ణజింకలు తిరుగుతుంటాయి. అవి పైరు మేసినా శుభమనుకుని రైతులు వాటి జోలికి పోరు. గేటు లేదు, కప్పు లేదు, ఒళ్లో కూర్చోబెట్టుకునే ఏర్పాటూ లేదు. వ్యాపారం తెలియని జనం!

కడపటి విన్నపం ఒకటి. మా అమ్మ వద్ద కూడా తమరు పూర్తి టికెట్టే తీసుకున్నారు. ఆవిడ తమ మేకలన్నిటి కాళ్లూ పరీక్షించి, దేనికి ముందు డెక్కలు కోయించాలో వరుస కూడా చెప్పి వచ్చింది కాబట్టి, పశువైద్యుల ఫీజు కింద ఆ ఒక్క టికెట్టు డబ్బులైనా వాపసు ఇప్పించ ప్రార్థన.

చిత్తగించవలెను.