కరెంటు పెడితే జారిన డిస్కు లోపలికి పోదు

దాళ్వా ఊడ్పులు మొదలయ్యేసరికి కోనసీమ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. "రోజూ ఇరవై నిమిషాలు నడుముకి కరెంటు పెట్టుకుంటే జారిన డిస్కు లోపలికి పోతుంది, నొప్పి శాశ్వతంగా పోతుంది, సైడ్ ఎఫెక్ట్స్ లేవు, ఆపరేషన్ అక్కర్లేదు" అని. కింద మిషన్ ధర కూడా ఉంటుంది.

ముందు డిస్కు, అంటే వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండేదాని సంగతి. కరెంటు పెట్టే ఆ మిషన్ పేరు టెన్స్; ఈ చిన్న డబ్బా చర్మం కిందున్న నరాలను కదిలిస్తుంది, అంతే. మా వీధిలో ఒకావిడ ప్యాడ్లు అంటించుకుని "చీమలు పాకుతున్నట్టుందమ్మా" అంటుంది. ఆ చిమచిమ వెన్నుపాము దగ్గర నొప్పి కబురుకి అడ్డుపడుతుందని 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు చెప్పిన సిద్ధాంతమే దీనికి ఆధారం. డిస్కుని నెట్టే పని ఇందులో ఎక్కడా లేదు. జారిన డిస్కులు చాలావరకు కొన్ని వారాల్లో, నెలల్లో వాటంతటవే కుంచించుకుపోతాయి. పేరు మాత్రం మిషన్ కొట్టేస్తుంది.

"నాకు తగ్గింది కదా" అనేవాళ్లే ఎక్కువ. పెట్టుకున్నంతసేపూ కొందరికి హాయిగా ఉండే మాట నిజమే, కాదనను. కానీ 1990లో అమెరికాలో డెయో అనే డాక్టర్ బృందం నడుంనొప్పి ఏళ్లూపూళ్లూ వదలని 145 మందిని పరీక్షించింది. కొందరికి అసలు మిషన్, కొందరికి చూడ్డానికి అలాగే ఉండి కరెంటు రాని మిషన్ ఇచ్చారు. రెండు గుంపులకీ ఇంచుమించు ఒకేలా తగ్గింది! వీళ్లలో వ్యాయామం కూడా చేసినవాళ్లకి మాత్రం మరికాస్త మెరుగైంది. వ్యాయామం మానేశాక అదీ పోయిందనుకోండి. నడుంనొప్పికి టెన్స్ ఇవ్వొద్దని ఏ వైద్యం ఇవ్వాలో సూచించే బ్రిటన్‌ నైస్ సంస్థ 2016లో చెప్పింది. ఫిజియోథెరపీ సెంటర్లలో పెట్టే ఐఎఫ్‌టీ అనే మరో రకం కరెంటు వైద్యానికీ అదే మాట. దీర్ఘకాలిక నడుంనొప్పికి టెన్స్ మామూలు వైద్యంగా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2023లో అంది.

సైడ్ ఎఫెక్ట్స్ లేవా? పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, మూర్ఛ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ముట్టుకోకూడదు. స్పర్శ లేని చోట, పుండు మీద ప్యాడ్ పెట్టకూడదు.

ఇక ఆపరేషన్. చాలామందికి అక్కర్లేదు, అది మిషన్ గొప్ప కాదు. కానీ కొబ్బరి దింపు తీసేవాళ్లయినా, ఊడ్పుల కూలీలైనా, నడుంనొప్పితో పాటు ఒంటికి, రెంటికి పట్టు తప్పినా, ఒంటికి రాకుండా బిగుసుకుపోయినా, తొడల మధ్య మొద్దుబారినా, కాళ్లలో బలం జారిపోతున్నా మిషన్ పక్కన పడేసి, ఆ పూటే కాకినాడ పెద్దాసుపత్రికో, దగ్గర్లో ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రికో బయల్దేరాలి.