సర్కారు పుస్తకానికి కాపీరైట్ ఉండదట!

"ఆర్మీ మాన్యువల్స్ మన పన్నులతో అచ్చేసినవి. వాటికి కాపీరైట్ ఉండదు. కోర్సు మెటీరియల్‌గా ఎవరైనా పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు." డిఫెన్స్ కోచింగ్ గ్రూపుల్లో తిరుగుతున్న ఈ ఫార్వర్డ్‌ని ఇక ఆపండి బాబూ.

కాపీరైట్ లేనిది అమెరికాలో. ఫెడరల్ ఉద్యోగులు డ్యూటీలో భాగంగా రాసినదానికి అక్కడి చట్టం 105వ సెక్షన్ రక్షణ ఇవ్వదు. మన 1957 కాపీరైట్ చట్టం అందుకు పూర్తిగా ఎదురు. 17(డి) ప్రకారం తొలి హక్కుదారు ప్రభుత్వమే. గడువు, ప్రచురించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. గెజెట్లకూ తీర్పులకూ మినహాయింపులున్నాయి గానీ ఆ జాబితాలో మాన్యువల్స్ లేవు. పన్ను కట్టాం కాబట్టి మనదే అంటే, ఆర్టీసీ బస్సునీ ఇంటికి తోలుకుపోవచ్చు.

"ఆర్టీఐలో అడిగితే ఇస్తారు." సమాచారం ఇవ్వడం వేరు, అచ్చేసి అమ్ముకోమనడం వేరు. పైగా ఆర్టీఐ చట్టం 8(1)(ఎ) కింద, దేశ భద్రత కారణం చెప్పి, ఇవ్వకపోవచ్చు కూడా.

"నెట్‌లో దొరుకుతోందంటే రహస్యం కాదు, రెస్ట్రిక్టెడ్ (పరిమిత పంపిణీ) ముద్ర ఉత్త లాంఛనం." కుర్రాళ్లు ఇరుక్కునేది ఇక్కడే. 1923 నాటి అధికార రహస్యాల చట్టం 5వ సెక్షన్ కింద రహస్య పత్రం పంపినవాడొక్కడే కాదు, అది చట్టానికి విరుద్ధంగా వస్తోందని తెలిసీ, లేదా తెలుసుకునే ఆధారం ఉండీ, పుచ్చుకున్నవాడూ దోషే. మూడేళ్ల దాకా జైలు. ముద్ర ఒక్కటే నేరాన్ని రుజువు చేయదు, నిజమే. లోపల ఏముందో కోర్టు చూస్తుంది. కానీ అంతవరకూ కేసు నడుస్తుంది కదా! ఆర్మీలో చేరాలనుకునేవాడికి పోలీస్ వెరిఫికేషన్‌లో ఎఫ్ఐఆర్ కనబడితే ఏమవుతుందో ఆ ఫార్వర్డ్‌లో లేదు. కొందరు మహానుభావులైతే ముద్ర ఉన్న అంచు కత్తిరించి, దాని మీద తమ సెంటర్ పేరూ ఫోన్ నంబరూ వాటర్‌మార్క్ కొడుతున్నారు. ముద్ర చూశామని, కావాలనే దాచామని చెప్పే సాక్ష్యాన్ని అడ్రసుతో సహా ఇచ్చారన్నమాట. భేష్!

"ఎడ్యుకేషనల్ పర్పస్ ఓన్లీ అని రాస్తే చాలు." రాసినా రాయకపోయినా ఒకటే.

అయితే ఒక్క విషయంలో ఈ ఫార్వర్డ్ రాసినవాళ్లకే తెలియని వెసులుబాటు ఉంది. కాపీరైట్ చట్టం 52(1)(ఐ) ప్రకారం బోధనలో భాగంగా టీచర్ కాపీలు ఇవ్వొచ్చు. ఢిల్లీ యూనివర్సిటీ ఫొటోకాపీ కేసులో 2016లో హైకోర్టు, పాఠానికి అవసరమైనంత మేర కాపీ చేయొచ్చు, పేజీల లెక్క లేదంది. కాబట్టి బహిరంగంగా అమ్మే ప్రభుత్వ పుస్తకంలోని అధ్యాయాలు క్లాసులో పంచితే తప్పు లేదు. ముక్కూ మొహం తెలియనివాళ్లకు టెలిగ్రామ్‌లో 199 రూపాయలకు పీడీఎఫ్ అమ్మడం బోధన అనిపించుకోదు. ఈ వెసులుబాటు కాపీరైట్ వరకే, రహస్యాల చట్టానికి పనికిరాదు.

మ్యాప్ రీడింగ్ కావాలా? అమెరికా ఆర్మీ శిక్షణ పుస్తకం టీసీ (ట్రైనింగ్ సర్క్యులర్) 3-25.26 (2013) వాడుకోండి. ఏ అమెరికా మాన్యువల్‌కైనా కవరు మీద డిస్ట్రిబ్యూషన్ స్టేట్‌మెంట్ (ఎవరికి ఇవ్వొచ్చో చెప్పే మాట) చూడండి. బహిరంగ విడుదలకు అనుమతి, పంపిణీకి పరిమితి లేదు అని ఉంటే అది 'ఎ' రకం, నిక్షేపంగా ఇవ్వొచ్చు. 'బి' నుంచి 'ఎఫ్' వరకూ ముట్టుకోవద్దు. లోపల ప్రైవేటు వాళ్ల ఫొటోలుంటే వాటి హక్కు వాళ్లదే. అమెరికా ఆర్మీ పబ్లిషింగ్ సైట్ నుంచే దించుకోండి. గ్రూపుల్లో తిరిగే స్కాన్లలో ముందు ఎగిరిపోయేది ఆ కవరు పేజీయే.