పోస్టు డబ్బా మీద ఎవరి పేరు?

మా మేనల్లుడు జర్మనీ వెళ్లిన రెండో నెలలో వీడియో కాల్ చేసి ఒక పోస్టు డబ్బా చూపించాడు. అపార్ట్‌మెంట్ గుమ్మం పక్కన గోడకు వరసగా ఇనుప డబ్బాలు, ఒక్కోదాని మీద ఒక పేరు. వాడుండే ఇంటి డబ్బా మీద మాత్రం అంతకుముందు అద్దెకున్నాయన పేరే ఉంది. "మామా, నా ట్యాక్స్ నంబర్ ఉత్తరం వెనక్కి పోయింది. డబ్బా మీద నా పేరు లేదని పోస్టాయన వేయలేదు" అన్నాడు. నకిరేకల్‌లో వాళ్లింటికి ఉత్తరం రావాలంటే ఇంటి నంబరు కూడా అక్కర్లేదు, ఫలానా వాళ్ల చిన్నోడని పోస్ట్‌మ్యాన్‌కు తెలుసు. వాడు ఆ సాయంత్రమే ఒక చీటీ మీద పేరు రాసి టేపుతో అతికించాడు. వారం తర్వాత ఇంకో ఉత్తరం కూడా వెనక్కి పోయింది. చీటీ మీద రాసింది ఇంట్లో, కాలేజీలో అందరూ పిలిచే పేరు. ఉత్తరం వచ్చిందేమో పాస్‌పోర్టులో ఉన్న ఇంటిపేరు మీద.

నవ్వొచ్చే విషయమే. కానీ దాని వెనకున్న లెక్క తెలియకపోతే నవ్వు రాదు. జర్మనీలో కొత్త ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు స్థానిక ఆఫీసుకు వెళ్లి 'నేను ఫలానా ఇంట్లో ఉంటున్నాను' అని నమోదు చేసుకోవాలి. మన పిల్లలు దాన్ని అక్కడి పేరుతోనే అన్మెల్డుంగ్ అంటారు. ఇంటి యజమాని 'అవును, ఈయన మా ఇంట్లో దిగాడు' అని సంతకం పెట్టిన కాగితం జతచేయాలని 2015 నవంబర్ నుంచి అమల్లో ఉన్న చట్టం చెబుతోంది. నమోదు చేసుకోకపోతే వెయ్యి యూరోల దాకా జరిమానా. అది పూర్తయితేనే 11 అంకెల ట్యాక్స్ నంబరు పోస్టులో ఇంటికొస్తుంది. ఆ నంబరు లేకుండా పార్ట్‌టైమ్ పనిలో చేరితే జీతంలో పన్ను ఎక్కువ కోస్తారు. చాలా బ్యాంకులు ఖాతా తెరవడానికి ఆ నమోదు కాగితమే అడుగుతాయి. వీసా గడువు అయిపోకముందే తీసుకోవాల్సిన నివాస పర్మిట్‌కూ అదే మొదటి మెట్టు. బెర్లిన్ లాంటి చోట ఆ ఆఫీసులో అపాయింట్‌మెంట్ దొరకడమే పెద్ద పని. పేరు నమోదైతే వచ్చేవన్నీ మంచి ఉత్తరాలే అనుకోవద్దు. ఇంట్లో టీవీ లేకపోయినా సరే, నెలకు 18.36 యూరోల ప్రసార రుసుము కట్టమని కూడా ఉత్తరం వస్తుంది.

ఇదంతా ఇంటర్నెట్‌లో దొరికే సమాచారమే. అయినా ఏటా మన పిల్లలు అక్కడే తడబడతారు. తెలివి తక్కువై కాదు. చిరునామా అనే మాటకు మనం పెంచుకున్న అర్థం వేరు.

హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లుగా ఉంటున్న నల్లగొండ మనిషిని 'మీదే ఊరు' అని అడిగి చూడండి. వనస్థలిపురం అని చెప్పడు, తిప్పర్తి అంటాడు, హాలియా అంటాడు. ఆధార్‌లో ఆ ఊరే, ఓటు ఆ ఊళ్లోనే. పోలింగ్ ముందు రోజు విజయవాడ హైవే మీద పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్లు బారులు తీరేది అందుకే. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగినప్పుడు ఈ సంగతి రాష్ట్రమంతా కనిపించింది. ఆ ఒక్క రోజు ఇంట్లో లేకపోతే లెక్కలోంచి పోతామని, రేషన్ కార్డు తీసేస్తారని భయపడి ముంబై, భీవండి, సూరత్‌ల నుంచి జనం బస్సులు, రైళ్లు కిక్కిరిసి వచ్చారు. ప్రభుత్వం నువ్వెక్కడున్నావని అడిగితే, ఉంటున్న చోటు వదిలేసి ఊరికి పరిగెత్తి నేనిక్కడే ఉన్నాను అని చెప్పుకున్నాం. జర్మనీ ఆఫీసు అడిగేది ఆ ప్రశ్నే. కాకపోతే దానికి కావాల్సింది ఈ రాత్రి నువ్వు పడుకునే గది, దాని అంతస్తు, దాని ఓనరు సంతకం.

పాలమూరుకు ఈ పాఠం పాతదే. పాలమూరు లేబర్ చేయి పడని ప్రాజెక్టు లేదని గొప్పగా చెప్పుకుంటాం. గుంపు మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు తీసుకొని దేశమంతా తిరిగి కాలువలు తవ్వినవాళ్లు, ఆనకట్టలు కట్టినవాళ్లు. రేషన్ కార్డు ఊళ్లో అవ్వ దగ్గర, ఓటరు కార్డు పెట్టెలో, మనిషి పూణెలో. అక్కడెవరైనా ఎవరు నువ్వు అంటే మేస్త్రీ పేరు చెప్పడమే గుర్తింపు. అంతర్రాష్ట్ర వలస కార్మికుల కోసం 1979లో తెచ్చిన చట్టం కాంట్రాక్టరు ప్రతి కూలీకి ఫొటో అంటించిన పాస్‌బుక్ ఇవ్వాలంది. మా వైపు పాస్‌బుక్ అంటే పట్టాదారు పాస్‌బుక్కే. ఈ రెండో పాస్‌బుక్ సంగతి విన్న కూలీని నేనింతవరకు చూడలేదు. పరాయి చోట కాగితం లేకుండా బతికిన ఆ అలవాటే పిల్లలతో పాటు విమానమెక్కిందని నాకనిపిస్తుంది.

వాట్సాప్ గ్రూపుల్లో 'రూమ్ ఉంది, అన్మెల్డుంగ్ లేదు' అనే ప్రకటన కనిపిస్తే మనవాళ్లు అద్దె తక్కువని ఎగబడతారు. తర్వాత ఎవరి ఇంటి చిరునామా మీదో పేరు రాయించుకోవడానికి డబ్బులిస్తారు. దిగని ఇంట్లో దిగినట్టు చిరునామా అమ్ముకునేవాడికి అక్కడ 50 వేల యూరోల దాకా జరిమానా పడొచ్చు. కొనుక్కున్నవాడికి ఇంకో ఇబ్బంది ఉంది. వాడి ఉత్తరాలన్నీ ఇంకెవరి డబ్బాలోనో పడతాయి. పర్మిట్ అపాయింట్‌మెంట్ ఉత్తరం అందక, గడువు దాటాక తెలిస్తే ఆ టెన్షన్ ఎంతటిదో పడ్డవాడికే తెలుసు. 'ఫ్రెండ్ అడ్రస్ పెట్టుకున్నాంలే' అని ఇక్కడ సిమ్ కార్డు తీసుకున్నంత తేలిగ్గా అక్కడ చెల్లదు.

గల్ఫ్‌లో కథ ఇంకో రకం. గల్ఫ్ అనగానే కరీంనగర్, నిజామాబాద్ గుర్తొస్తాయి గానీ మన వైపు నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. అక్కడ నువ్వెక్కడ పడుకుంటున్నావని పెద్దగా అడగరు, ఎవరి దగ్గర పనిచేస్తున్నావని అడుగుతారు. సౌదీలో అకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్ కార్డు, చేయించేది, రెన్యువల్ చేయించేది కఫీలే, అంటే పనిలో పెట్టుకున్న యజమానే. విదేశీ కార్మికుడి అకామా నంబరు 2తో మొదలయ్యే పదంకెల నంబరు. అది కడుపులో పెట్టుకొని కాపాడుకోవాల్సిన నంబరే అయినా తాళం చెవి మాత్రం యజమాని జేబులో ఉంటుంది. జీతం ఇవ్వలేదని ఇంకో చోటికి పోతే పారిపోయాడని రాయిస్తాడు. ఆ రోజు నుంచి మనిషి 'ఖల్లివెల్లి', అంటే చెల్లే కాగితం లేనివాడు. ఆస్పత్రికి పోవాలన్నా, ఇంటికి డబ్బు పంపాలన్నా భయమే. విజిట్ వీసా మీద తీసుకెళ్లి పనిలో పెట్టే ఏజెంట్ల చేతిలో పడ్డవాడికి అకామా అసలు పుట్టనే పుట్టదు. పాస్‌పోర్టు అట్టిపెట్టుకునే హక్కు ఏ కంపెనీకీ లేదు, 1967 చట్టం ప్రకారం అది భారత ప్రభుత్వ ఆస్తి. ఈ మాట చాలామందికి తెలుసు. తెలిసీ చేతికిస్తారు, ఇవ్వకపోతే పని ఉండదని.

ఒక చోట సంతకం ఇంటి ఓనరుది, ఇంకో చోట యజమానిది. పరాయి దేశంలో మన పేరు పుట్టాలంటే ఇంకొకరి చేయి కావాలి. అందుకే ఇక్కడి నుంచి పట్టుకెళ్లే కాగితాల్లోనైనా లొసుగు లేకుండా చూసుకోవాలంటాను. మనకు దెబ్బ తగిలేది సరిగ్గా అక్కడే.

పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. డిగ్రీ మార్కుల లిస్టులో ఇంటిపేరు ఒక్క అక్షరమై కుదించుకుపోతుంది. ఆధార్‌లో ఆపరేటరు ఎలా కొడితే అలా. పాస్‌పోర్టు దరఖాస్తులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరు రెండో గడిలో రాసినవాళ్లు మా చుట్టాల్లోనే నలుగురున్నారు. అమెరికా వీసాలో రెండు గడులూ నిండాలి కాబట్టి, ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయి అసలు పేరు చోట ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది. 'మొదటి పేరు తెలియదు' అని దాని అర్థం. తల్లిదండ్రులు బారసాల చేసి పెట్టిన పేరుకు పట్టిన గతి అది! 2022 నవంబర్‌లో యూఏఈ ఒకటే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను రానివ్వబోమంది. తర్వాత పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో, ఇంటిపేరో ఉంటే చాలని కొంత సడలించింది. ఆ కొద్ది రోజుల్లో టికెట్లు కొన్నవాళ్లు పడ్డ హైరానా అంతా ఇంతా కాదు.

పుట్టిన తేదీ సంగతి మరీ చిత్రం. బడిలో చేర్పించేటప్పుడు 'ఏరువాక ముందు పుట్టిండు సారూ' అని నాయన చెబితే, వయసు సరిపోయేలా సారు ఒక జూన్ తేదీ రాసుకున్న తరం మాది. కువైట్ సివిల్ ఐడీలో ఉండే 12 అంకెల్లో ఏడింటి నిండా పుట్టిన తేదీయే. ఎమిరేట్స్ ఐడీలో 784 తర్వాత వచ్చేది పుట్టిన సంవత్సరం. ఆ రోజు సారు అంచనాగా రాసిన అంకెలే జీవితాంతం మోయాల్సిన నంబరవుతాయి. తర్వాత మెమో ఒక తేదీ, పాస్‌పోర్టు ఇంకో తేదీ చెబితే ఏది నిజమో నిరూపించుకోవాల్సింది సారు కాదు.

అమెరికా వెళ్లినవాళ్లకు ఇల్లు మారితే పది రోజుల్లో చెప్పాలనే నియమం ఎప్పటి నుంచో ఉంది. పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2025 ఏప్రిల్ 11 నుంచి అక్కడి ప్రభుత్వం పాత రిజిస్ట్రేషన్ నిబంధనను గట్టిగా అమలు చేయడం మొదలుపెట్టి, 18 ఏళ్లు దాటిన విదేశీయులు నమోదు రుజువు వెంట ఉంచుకోవాల్సిందేనని గుర్తు చేశాక మాత్రం తల్లిదండ్రులు ఇక్కడి నుంచి ఫోన్లు చేసి 'కాగితం జేబులో ఉందా' అని అడుగుతున్నారు.

కన్సల్టెన్సీలు లక్షలు తీసుకుంటాయి. సీటు, జర్మనీలో ఖర్చులకు ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో వేయాల్సిన 11,904 యూరోలు, మన చదువు కాగితాలు అసలువేనని చెప్పే ఏపీఎస్ సర్టిఫికెట్, వీసా స్లాట్ దాకా వాళ్లకు కంఠోపాఠం. మా వాడికి సూట్‌కేసులో ఎన్ని కిలోల పచ్చడి పట్టుకెళ్లొచ్చో కూడా చెప్పారు. ఓనరు సంతకం లేని గది తీసుకోవద్దని చెప్పలేదు. ప్రభుత్వానికీ ఇందులో భాగముంది. గల్ఫ్ వెళ్లే కార్మికుల కోసమైనా ప్రయాణానికి ముందు ఓరియెంటేషన్ అనేది ఒకటుంది. 20 లక్షల విదేశీ విద్యానిధి ఇచ్చే సంక్షేమ శాఖ అదే విద్యార్థిని ఒక పూట కూర్చోబెట్టి నీ పాస్‌పోర్టు, మెమో, డిగ్రీ మూడూ ఒకే పేరు చెబుతున్నాయా అని చూడలేదా? పేరు సరిచేసుకోవడానికి ఇక్కడ పట్టే సమయం, ఖర్చు వేరు, అక్కడి నుంచి కాన్సులేట్ చుట్టూ తిరిగితే పట్టేది వేరు. పెద్ద పథకమేం అక్కర్లేదు. కాగితాలు వరసగా పరిచి చూసే ఓపికున్న ఒక గుమస్తా చాలు.

మా వాడు పోయిన నెల చదువు అయిపోయి ఇంకో పట్టణానికి మారాడు. రెండు వారాల లెక్క మళ్లీ మొదలైంది. గదిలో సామాను సర్దకముందే రెండు ఫొటోలు పంపాడు. ఒకటి ఓనరు సంతకం పెట్టిన కాగితం. రెండోది పోస్టు డబ్బా. ఈసారి పేరు ప్రింట్ తీసి అతికించాడు, ఇంటిపేరు ఒక్కటే. మా అక్క ఆ ఫొటో చూసి, "వాడి పేరేదిరా, ఇది మా మామగారి డబ్బాలాగుంది" అంది.